ఏలినవారి ధూమలీల

శ్రీమత్సకలగుణాభిరామా, పొగను పన్నుగానూ పన్నును పుణ్యంగానూ మార్చగల రసవాద చక్రవర్తీ, కుడిచేత్తో నారు పోయించి ఎడమచేత్తో నిప్పు ఆర్పించే సవ్యసాచీ, పెట్టె మీద పుండునూ పెట్టె లోపల పండుగనూ ఒకే ధరకు అందించే కల్పవృక్షమా, దగ్గేవాడికీ దగ్గించేవాడికీ ఒకే చిరునవ్వుతో దర్శనమిచ్చే సమవర్తీ! బహిరంగ ధూమపానాన్ని నిషేధించిన తమరి మహాధర్మాన్ని కీర్తించాలని దివ్యసముఖానికి వచ్చాను. స్తోత్రానికి నోరు తెరిచినప్పుడు పక్కాయన పొగ లోపలికి వెళ్లి మాట తడబడితే, దానిని భక్తి పారవశ్యం కింద జమ కట్టుకోవలసిందిగా ప్రార్థన.

ముందు నడకను పొగడడం సంప్రదాయం. గజగమనమనే మాటను మన కవులు అనవసరంగా కావ్యనాయికల మీద ఖర్చు చేసేశారు. ఏలినవారి కోసం దాచి ఉంచవలసింది. 1999లో కేరళ హైకోర్టు జనం తిరిగే చోట పొగ కూడదంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు అదే మాట దేశమంతటికీ చెప్పి, తాగనివాడు పక్కవాడి పొగకు దిక్కులేక బలికావలసిన అవసరం లేదంది. తమరు తొణకలేదు. 2003లో చట్టం చేశారు, 2004 మే 1న దానిని మేల్కొలిపారు, నియమాలను తీరికగా తీర్చిదిద్దుకొని 2008 అక్టోబరు 2న, సాక్షాత్తూ గాంధీ జయంతి నాడు, లోకానికి అనుగ్రహించారు. ఇంత తొందరలేని గాంభీర్యం ఏనుగుకు కూడా దుర్లభం. దానికి మావటివాడి అంకుశమైనా తగులుతుంది.

ఆ చట్టంలో తమరు నిర్ణయించిన అపరాధ రుసుము రెండు వందల రూపాయలు. అదీ గరిష్ఠంగా. ప్రభువుల స్థైర్యానికి ఇంతకు మించిన శాసనం వేరే ఉందా? అప్పటి నుంచి బంగారం ఎక్కింది, పెట్రోలు ఎక్కింది, ఇరానీ చాయ్ ఎక్కింది, ఆర్టీసీ టికెట్టు ఎక్కింది. రెండు వందలు మాత్రం ధ్రువనక్షత్రంలా ఉన్నచోటనే ఉంది. నేటి బజారులో పది సిగరెట్ల పెట్టెలు మంచి రకానివి రెండు కొంటే ఖరీదు ఆ రుసుమును దాటిపోతుంది. అంటే నేరం చేయడానికయ్యే పెట్టుబడి కన్నా నేరానికి శిక్ష చవక. పేదవాడికి కూడా శిక్ష అందుబాటులో ఉండాలన్న ఈ కారుణ్యం ఏ స్మృతికర్తకూ తట్టలేదు.

నియమావళిలో బోర్డును వర్ణించిన భాగం చదివితే శిల్పశాస్త్రం చదివినంత తృప్తి. అరవై సెంటీమీటర్లకు ముప్పై సెంటీమీటర్లు, అంతకు తగ్గరాదు. నేల తెలుపు. అందులో పదిహేను సెంటీమీటర్లకు తగ్గని వలయం, దానికి మూడు సెంటీమీటర్ల ఎర్రని అంచు, నడుమ నల్లని పొగ విడిచే సిగరెట్టో బీడీయో, దాని మీద ఎర్రని అడ్డపట్టీ. కింద, ఎవరైనా తాగితే ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలో ఆ అధికారి పేరు. మా ఊరి బస్టాండులో ఈ విగ్రహం శాస్త్రోక్తంగానే ప్రతిష్ఠితమై ఉంది. పేరు రాయవలసిన చోట మాత్రం వరసగా చుక్కలున్నాయి. చాలాకాలం ఆ చుక్కలను తేరిపార చూశాక గాని తమరి వేదాంతం అంతుబట్టలేదు. రక్షకుడు నామరూపరహితుడు; పిలిచినా పలకడు, వెతికినా దొరకడు, అయినా సర్వాంతర్యామిగా అక్కడే ఉంటాడు. ఆ విశ్వాసం కుదిరినవారే కాబోలు, భక్తులు సరిగ్గా ఆ బోర్డు నీడలోనే నిలబడి వెలిగించుకుంటారు. బూడిద గిన్నెలు ఉంచరాదని నియమంలో ఉంది గనుక ఎవరూ ఉంచలేదు. బూడిద మాత్రం, తాగేసిన టీ గ్లాసుల అడుగునా, నేల మీదా, నిద్రపోతున్న పసివాడి దుప్పటి మీదా సమానంగా పడుతుంది. చట్టోల్లంఘన జరిగిందని ఎవరనగలరు? గిన్నె లేదు కదా.

పొగకు మర్యాద నేర్పిన ఘనత కూడా తమరిదే. హోటలు గడప లోపల నేరమైన పొగ, గడప దాటి మెట్టు మీద నిలబడగానే నిర్దోషి అవుతుంది. ఆ మెట్టు మీది నుంచి గాలివాటున మళ్లీ లోపలికి వస్తే దానిని ముద్దాయిగా కాక అతిథిగా చూస్తారు. ముప్పై కుర్చీలకు తక్కువైన హోటలులో అది ప్రాణాంతకం. ముప్పయ్యో కుర్చీ వేయించిన యజమాని దానికి ప్రత్యేకంగా ఒక గది కేటాయించుకోవచ్చు. లాడ్జీకైతే ముప్పై గదులు ఉండాలి. కుర్చీలు లెక్కపెట్టి, సంఖ్య సరిపోయాక గాని సౌమ్యంగా మారని విషాన్ని ఏ రసాయనశాస్త్రజ్ఞుడూ కనిపెట్టలేదు. ఏలినవారు ఒక్క గెజెట్‌తో సృష్టించారు.

బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మరాదన్న శాసనమూ అంతే మధురం. గజమంటే ఎవరి గజమన్న దగ్గర కించిత్తు వెసులుబాటు వదిలారు. పాన్‌డబ్బా ముందు సన్న గొలుసుకు లైటరు వేలాడుతూ ఉంటుంది, మధ్యాహ్నం బెల్లు కొట్టాక యూనిఫాం మీద స్వెటరు తొడుక్కున్న కుర్రాళ్లు అక్కడ వంగి నిలబడతారు. మండుటెండలో స్వెటరు ఎందుకని అడగకండి; విద్యార్థుల ఆరోగ్యం మీద వారి శ్రద్ధ వారిది. అక్కడే మరో రమణీయ దృశ్యం. 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టె మీద ఎనభై అయిదు శాతం మేర పుండు బొమ్మతో హెచ్చరిక ఉండాలని తమరు ఆజ్ఞాపించారు. ఉంది. డబ్బావాడు ఆ పెట్టెను తన ఒడి వైపు తిప్పి పెట్టుకొని, పైమూత తెరిచి, ఒక్క సిగరెట్టు తీసి కుర్రాడి చేతికిస్తాడు. విడి సిగరెట్టు మీద బొమ్మ లేదు, పుండు లేదు, అక్షరం లేదు. తెల్లగా, సన్నగా, అమాయకంగా ఉంటుంది. రోజంతా ఆ భయానక చిత్రాన్ని చూసి హెచ్చరికలు పొందేవాడు డబ్బావాడొక్కడే. అతడు సిగరెట్టు ముట్టడు. ప్రభువుల ప్రచారం నూటికి నూరు పాళ్లు ఫలించిన దాఖలా ఇంకెక్కడ దొరుకుతుంది!

వెండితెర మీద తమరి లీల వేరు. 2012 నుంచి హీరో ఎప్పుడు సిగరెట్టు వెలిగించినా, తెర అడుగున ఓ మూల హెచ్చరిక అక్షరాలు వెలుగుతాయి. ఆయన అగ్గిపుల్ల గీస్తాడు, నేపథ్యంలో డప్పులు, స్లో మోషన్లో పొగ ఒక రాజ్యలక్ష్మిలా పైకి లేస్తుంది, థియేటరు ఈలలతో ఊగుతుంది. తమరి అక్షరాలు మాత్రం ఛత్రచామరాలు పట్టిన సేవకుల్లా ఓ పక్కకు ఒదిగి నిలబడతాయి. మునుపు హీరో సిగరెట్టు తాగుతున్నాడో లేదో వెనక బెంచీవాడు గమనించకపోయే ప్రమాదముండేది. ఇప్పుడు అక్షరాలు కనబడగానే కళ్లు పైకెత్తి చూస్తాడు.

ఇక అసలు సభకు వస్తాను. పొగాకు వల్ల హాని ఉందా లేదా అన్న మహాచర్చను ఏలినవారు పోషించిన తీరు తలచుకుంటే భువనవిజయం చిన్నబోతుంది. మన సాహిత్యంలో గిరీశంగారు పొగ మహిమను ఓ పద్యంతో సరిపెట్టేశారు. పాపం, ఆయన దగ్గర పార్లమెంటరీ కమిటీ లేదు. తమరి దగ్గర ఉంది. ఎనభై అయిదు శాతం బొమ్మ నిజానికి 2015 ఏప్రిల్‌లోనే రావలసింది. అప్పుడు అహ్మద్‌నగర్ సభ్యులు దిలీప్ గాంధీగారి అధ్యక్షతన ఉన్న కమిటీ, పొగాకుకూ క్యాన్సరుకూ సంబంధం చూపే పరిశోధనలన్నీ విదేశాలవే, మన దేశంలో జరిగినది లేదని సెలవిచ్చి, బొమ్మను ఆపవలసిందిగా కోరింది. ఆ కమిటీలో అలహాబాద్ సభ్యులు శ్యామాచరణ్ గుప్తాగారు కూడా ఉన్నారు. ఆయన బీడీ వ్యాపారంలో ఆరితేరినవారు. విషయం తెలిసినవారినే న్యాయపీఠం మీద కూర్చోబెట్టాలన్న ధర్మసూక్ష్మాన్ని తమరు కాక ఎవరు పాటిస్తారు? గొలుసుకట్టుగా బీడీలు తాగి ఏ జబ్బూ లేనివారిని ఎంతమందినైనా తెచ్చి చూపిస్తానని ఆయన అన్నారు. పంచదారతో, అన్నంతో, బంగాళాదుంపతో మధుమేహం వస్తుంది కదా, వాటి మీద బొమ్మలు వేయరేమని నిలదీశారు. మరో సభ్యులవారు, రోజుకు అరవై సిగరెట్లు తాగి ఎనభై ఆరేళ్లు బతికిన పెద్దమనిషిని సాక్ష్యంగా ఉదహరించారు. తొందరపడి ముందే పోయినవారిని సాక్ష్యానికి పిలవలేదు. వారు రాలేరన్న సానుభూతి అందులో ఉంది.

దేశీయ పరిశోధన లేదన్న మాట విని మా ఉత్తరాంధ్ర పులకించిపోయి ఉంటుంది. అక్కడ అడ్డపొగ అని ఒక పద్ధతి. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకొని, పెదవులు బిగించి పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లు, అందులోనూ తీరం పల్లెల్లోనివారు. నిప్పు నాలుకకు పైన, అంగిలికి కింద, రెండింటి మధ్య కణకణలాడుతూ ఉంటుంది. ఈదురుగాలికి ఆరదు, కూలి పనిలో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి అంగిలి తెల్లబారి, మధ్య మధ్య ఎర్రని చుక్కలు తేలి, కొందరికి పుండై, ఆ పుండు మరి మానదు. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి దంతవైద్యులు బయల్దేరి అయిదు జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది పల్లెవాసుల చేత నోరు తెరిపించి, లోపల ఉన్నది రాసుకొని, 1969లో ప్రకటించారు. ఆ అయిదింటిలో మన శ్రీకాకుళం ఒకటి. దేశంలో పరిశోధనే జరగలేదని 2015లో విన్నప్పుడు ఆ యాభై వేల నోళ్లకు ఎంత ఊరట! అప్పుడెప్పుడో టార్చిలైటు వేసి చూసింది తమ నోట్లోకి కాదని, శ్రీకాకుళం విదేశమని, అంగిలిలోని పుండు కూడా దిగుమతి సరుకని తెలిసి నిశ్చింతగా ఉండవచ్చు.

ఈ విద్య తమరికి వంశపారంపర్యం కాకపోయినా గురుపరంపర గొప్పది. 1954 జనవరి 4న అమెరికా సిగరెట్ కంపెనీలు నాలుగు వందలకు పైగా పత్రికల్లో నిండుపేజీ ప్రకటన వేయించి, ప్రజల ఆరోగ్యమే తమకు అన్నిటికన్నా మిన్న అని, ఇంకా పరిశోధించవలసింది ఉందని విన్నవించుకున్నాయి. నలభై ఏళ్లు పరిశోధించాయి. 1994 ఏప్రిల్ 14న ఆ దేశపు చట్టసభ ముందు ఏడుగురు కంపెనీ అధిపతులు కుడిచేతులెత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని తాము నమ్మడం లేదని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. అన్నేళ్ల పాటు సందేహాన్నే సరుకుగా అమ్ముకున్న సంగతి వారి సొంత కాగితాల్లోనే తరవాత దొరికింది. వారు కోట్లు ఖర్చుపెట్టి, లాయర్లను పోషించి, తమ ఖర్చుతో సందేహాలు పుట్టించుకోవలసి వచ్చింది. మన దేశంలో ఆ సేవ ప్రజాధనంతో, పార్లమెంటు భవనంలో, టీ బిస్కెట్లతో సహా జరిగింది. గురువును మించిన శిష్యులు.

ఇంత చర్చా జరిగి, చివరకు ఒక ఏడాది ఆలస్యంగా బొమ్మ వచ్చిందనుకోండి. ఏలినవారు వాత్సల్యంతో ఒక ఏడాది పాటు పెట్టెలను అందంగా ఉండనిచ్చారు. పొగాకుతో దేశంలో ఏటా పదమూడున్నర లక్షల మంది పోతున్నారన్నది లెక్క. ఆ ఏడాది పోయినవారు కాస్త చక్కని పెట్టెలు చూసి పోయారు.

తమరి సంసార నిర్వహణ మరీ ముచ్చటగా ఉంటుంది. ఒకే కొలువులో ఒక మంత్రిత్వశాఖ పొగాకు మానమని చెబుతుంది; మరొకటి గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డును నడుపుతూ, ఆకు బాగా పండాలని, పరదేశాలకు బాగా పోవాలని కంటికి రెప్పలా చూసుకుంటుంది. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడే ఆకు మీద ఇంత శ్రద్ధ పెట్టిన రాజ్యాలు ఎన్ని ఉంటాయి! ఒంగోలు, కందుకూరు వేలం కేంద్రాల్లో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి, రైతు ఆ మూటల మధ్య తలగుడ్డ తీసి కూర్చొని, ఏ బేలు ఏ ధరకు పోతుందో, ఏది పోకుండా మిగిలి ఇంటికి తిరుగు ప్రయాణం కడుతుందో చూస్తుంటాడు. బ్యారన్‌కు కట్టెలూ కూలీ పెట్టి, అప్పు తెచ్చినవాడు ఆయన. 2025లో నల్లబర్లీ పొగాకు ధర పడిపోతే మార్క్‌ఫెడ్ చేత కొనిపించారు. ఆకు పండించే మనిషిని వదలలేదు, ఆకు తాగి పడిపోయే మనిషిని వదలలేదు. ఇద్దరికీ మధ్య పొగాకును వదలడం మాత్రం ధర్మం కాదని భావించారు. రైతుకు మరో పంట దారి చూపించి ఆయన మనసు నొప్పించడం తమరి సున్నిత హృదయానికి చేతకాదు.

వర్తక నైపుణ్యమూ చెప్పుకోదగినదే. 2017-18లో పొగాకు జబ్బుల వైద్యానికీ, పనిపోయిన దినాలకూ, అర్ధాయుష్షు మరణాలకూ కలిపి దేశానికైన నష్టం 1,77,341 కోట్ల రూపాయలని తేల్చారు. పొగాకు మీద అప్పుడు వచ్చిన ఎక్సైజు రాబడి ఆ నష్టంలో వందకు పన్నెండు పాళ్లు. వంద పోగొట్టుకొని పన్నెండు సంపాదించి, ఖజానా నిండిందని నగారా మోగించగల నిబ్బరం శెట్టిగారి దుకాణంలో దొరకదు. దానికి సింహాసనం కావాలి. 2025 సెప్టెంబరులో బీడీ మీద జీఎస్టీని ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిదికీ, తునికాకు మీద పద్దెనిమిది నుంచి అయిదుకూ దించాలని తీర్మానించారు. నిజామాబాదు, జగిత్యాల వాకిళ్లలో చేటలు ఒళ్లో పెట్టుకొని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే అక్కచెల్లెళ్ల పేరు చెప్పే ఈ కనికరం. పన్ను దించినంత చురుగ్గా వారి కూలి కూడా పెంచేస్తే ఒక్కసారిగా కళ్లు తిరిగి పడిపోతారేమోనని ఆగిన ఆ ముందుచూపును వేరే మెచ్చుకోవాలి.

క్రౌర్యం తమరికి తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకోను. 2019లో ఈ-సిగరెట్ అనే పరదేశీ పిల్లను చూశారు. తయారు చేసినా, అమ్మినా, తొలి తప్పుకే ఏడాది జైలో, లక్ష రూపాయల జరిమానాయో, రెండూనో అన్నారు. ఏళ్ల తరబడి మంచీ చెడూ కలిసి పంచుకున్న పాత చుట్టానికి రెండు వందలు, కొత్తగా గుమ్మంలోకి వచ్చినదానికి లక్ష. బంధుప్రీతి లేని రాజు రాజేనా?

అన్నిటికన్నా పెద్ద కీర్తిని చివర విన్నవించుకుంటున్నాను. దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో మన ఎల్‌ఐసీకి దాదాపు పదిహేను శాతం వాటా ఉంది. మొన్న మా మేనల్లుడు టర్మ్ పాలసీ ఫారం నింపుతూ, పొగ తాగుతారా అన్న గడి దగ్గర ఆగి, “మావయ్యా, తాగననే రాస్తే ప్రీమియం తక్కువట” అన్నాడు. వాడు నిజంగానే తాగడు. ఆఫీసు మెట్ల మీద స్నేహితుల మధ్య నిలబడి, వాళ్లు వదిలినది పీలుస్తాడు, అంతే. తాగనని టిక్కు పెట్టి, సంతకం చేసి, మొదటి వాయిదా కట్టేశాడు. పొగ తాగేవాడు త్వరగా పోతాడని లెక్క కట్టి అతని దగ్గర ఎక్కువ ప్రీమియం తీసుకొని, తాగనివాడి సొమ్మును కూడా కలిపి, అతనికి పొగ అమ్మేవాడిలో వాటాగా ఉంచగల సమదృష్టి ఇంకెవరికి సాధ్యం! “డివిడెండు మనకేమైనా వస్తుందా మావయ్యా?” అని వాడు అడిగాడు. వచ్చే వాటా ఏలినవారు ముందే ఇచ్చేశారని, మెట్ల మీద రోజూ తీసుకుంటున్నదే అదని చెప్పాను.